బీరు ఊరే గది

మా ఇంట్లో అందరికంటే సుఖంగా బతికినవి మా ఆయన బీరు సీసాలు. ఆగస్టులో బహ్రెయిన్ ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు, లేనివాళ్లకు చెప్పినా నమ్మరు. చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. స్నానానికని ముందురోజే బకెట్ నింపి ఏసీ కింద పెట్టుకుంటాం. అలాంటి నెలలో నేను వంటింట్లో చెమటకు తడిసి ముద్దవుతుంటే, పక్కనే చిన్న గదిలో ఆ సీసాలు చీకట్లో, చల్లగా, ఎవరికీ ఊడిగం చెయ్యకుండా వరసగా నిలబడి ఉండేవి. వాటికి విడిగా ఏసీ. మా పడకగది ఏసీ రాత్రంతా దగ్గేది గానీ వాటి ఏసీకి ఏనాడూ జలుబు కూడా చెయ్యలేదు.

ఎందుకంటే మా ఆయన ఏసీ మెకానిక్కు. మీనా సల్మాన్‌లో ఒక వర్క్‌షాపులో డ్యూటీ. ఊళ్లో ఏసీలన్నీ బాగుచేసి ఇంటికొచ్చేసరికి ఆయనకు మా ఏసీ మీద విసుగు, సీసాల ఏసీ మీద ప్రేమ. ఎవరో పారేసిన పాత ఏసీని తెచ్చి, విప్పి, కడిగి, లోపల ఏదో మార్చి, గోడకున్న కంతలో బిగించి, రాత్రీ పగలూ ఒకే చల్లదనం మీద నిలిచేటట్టు చేశాడు. నాకు నెక్లెస్ చేయించినా అంత శ్రద్ధ పెట్టేవాడు కాదు.

ఆ బిల్డింగులో ఏసీలన్నీ ఆయనే చూసుకుంటాడు కనుక ఓనరు మాకు కింది అంతస్తులో ఒక పోర్షన్ ఇచ్చాడు. ఒక పడకగది, ఒక హాలు, వంటిల్లు, వంటింటిని ఆనుకుని కిటికీ లేని ఒక చిన్న గది. ఆ చిన్న గది ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ఉంటుంది. పనిమనిషి కోసం కడతారు. అందులో మంచం వేస్తే ఇక మనిషి పక్కకు జరగడానికి ఉండదు. మాకు పనిమనిషి లేదు, ఎందుకంటే పనిమనిషిని నేనే. పొద్దున్నే ఈసా టౌన్‌లో ఒకరింటికి వెళ్లి వంట చేసి మధ్యాహ్నానికి తిరిగొస్తాను.

ఇల్లు చూసిన రోజే ఆ గది మీద నా కన్ను పడింది. మా ఆయన కన్నూ పడింది. నోరు మాత్రం ఆయనే ముందు తెరిచాడు.

"ఇదుగో, ఇది నా బీర్లకి."

ఆ బీర్లు ఆయన కొన్నవి కావు. ఒక బెల్జియం ఆయన విల్లాలో ఏసీలు చూడటానికి వెళ్తుండేవాడు. ఆ తెల్లాయన ఒక గదినిండా సీసాలు పెట్టుకుని వాటిని కడుపున పుట్టిన పిల్లల్లా చూసుకునేవాడట. కాంట్రాక్టు అయిపోయి సొంత దేశం వెళ్లిపోతూ ఒక పెట్టెడు నల్లబీరు మా ఆయన చేతుల్లో పెట్టి, దాని మర్మాలన్నీ చెప్పాడు. ఇది ఘాటైన బీరు. అడుగున ఈస్టు ఉంటుంది, మూత బిగించాక కూడా అది లోపల మెల్లగా పని చేసుకుంటూనే ఉంటుంది. చీకట్లో, చల్లగా, నిలబెట్టి ఉంచాలి. ఏడాది ఆగితే చేదు తగ్గి, ఎండుద్రాక్ష, ఖర్జూరం లాంటి రుచులు బయటికొస్తాయి. పల్చటి పసుపురంగు బీర్లకు ఈ భాగ్యం లేదు, వాటిని కొన్నవెంటనే తాగెయ్యాలి. ఇదంతా నాకు చెప్తున్నప్పుడు మా ఆయన ముఖం చూడాలి, మంత్రోపదేశం పొంది వచ్చినవాడిలా వెలిగిపోతున్నాడు.

ఆయన తాగుబోతు కాదు, ఆ మాట చెప్పకపోతే నాకు పాపం. పండక్కో పబ్బానికో ఒకటి తాగితే తాగినట్టు. తాగడం కంటే దాచుకోవడం మీదే మోజు.

"ఏడాది ఆగడమేంటండీ? బీరేవన్నా ఆవకాయా ఊరడానికి?" అన్నాను.

"ఆవకాయే అనుకో. కొత్తావకాయ కారం కారంగా ఉంటది. పాతబడితే కారం దిగి, ముక్క మెత్తబడి, ఆ రుచి వేరే వత్తాది. ఇదీ అంతే."

నా దగ్గర ఆవకాయ పేరెత్తడం ఆయన చేసిన మొదటి పొరపాటు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఊరగాయల తగాదా ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది. ఉప్పు తక్కువైందా, ఆవపిండి చేదెక్కిందా, నూనె పాతదా, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలిక్కి తగిలిస్తే చెప్పేస్తాను. ముఖం మీదే చెప్తాను, అదీ నా జబ్బు. ఒకసారి తెలుగువాళ్ల వనభోజనాల్లో ఒక పెద్దావిడ మాగాయ రుచి చూసి, "తడి తగిలిందండీ, బూజు పట్టేస్తుంది" అన్నాను. ఆవిడ చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాగాయకు మాత్రం బూజు పట్టింది.

ఇక గది సంగతి. నాకు ఆ గది కావాలి. మా హాలు నిండా ఏసీల సామాను, ఫ్యాన్లు, రాగిగొట్టాల చుట్టలు. పడకగదిలో మంచం కింద గ్యాస్ సిలిండర్లు. శుక్రవారం సెలవు వచ్చిందంటే అస్కర్ నుంచి మా మరిది దిగుతాడు. అక్కడ అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని అతనిది. వారమంతా తిన్న క్యాంపు తిండి మీద కసినంతా నా వంట మీద తీర్చుకుంటాడు. మంచివాడే. కానీ అతను హాల్లో కాళ్లు చాపాడంటే నాకు నిలబడటానికి పొయ్యి ముందు జాగా ఒక్కటే మిగులుతుంది.

"గది నీకెందుకే? కుట్టుమిషనేమన్నా పెడతావా?" అని అడిగాడు మా ఆయన.

"పెట్టను."

"మరేం చేత్తావు?"

"ఏమీ చెయ్యను. తలుపేసుకుని కూచుంటాను."

ఆయన పడీ పడీ నవ్వాడు. "ఏమీ చెయ్యకపోడానికి గదెందుకే! హాల్లో కూచుని చెయ్యకు!" అన్నాడు. పక్కన మరిది కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కావాలి అని అప్పుడే కచ్చితంగా అడగాల్సింది. అడగలేదు. పందెం వేశాను. నా నోటికి అడగడం కంటే పందెం వెయ్యడం తేలిక.

పందెం ఇది. అప్పుడు మామిడికాయల రోజులు, షాపుల్లోకి ఊరగాయ కాయ అప్పుడే దిగింది. మళ్లీ ఏడాది కాయ దిగేదాకా సీసాలు గదిలో ఉంటాయి. అప్పుడు అదే బీరు కొత్తది ఒకటి కొని తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి నేను రుచి చూడాలి. పాతది బాగుంటే గది సీసాలది. కొత్తదే బాగుంటే గది నాది.

"అన్నయ్యా, కేసూ ఆవిడదే, జడ్జీ ఆవిడే. నువ్వు ఓడిపోయినట్టే, ఖలాస్" అన్నాడు మరిది.

"లేదురా. మీ వదిన దేని గురించన్నా అబద్ధమాడుద్ది గానీ రుచికాడ ఆడదు" అన్నాడు మా ఆయన. ఆ మాటకు కోపగించుకోవాలో గర్వపడాలో నాకు తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాను.

పందెం వేసిన మూడోరోజు. మూడోరోజంటే ఏమిటో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆవకాయ కలిపి జాడీలో పెట్టాక మూడోరోజు తిరగకలపాలి. అడుగుకు దిగిన ఉప్పూ కారం పైకి రావాలి, పైకి తేలిన నూనె కిందికి పోవాలి. లేకపోతే పైముక్క ఎండిపోతుంది, కిందిముక్క ఉప్పులో నాని ఎందుకూ పనికిరాదు. ఆ రోజు మా ఆయన డ్యూటీకి వెళ్లాక గది తుడవడానికి వెళ్లాను. ఫోను లైటు వేసి చూస్తే ప్రతి సీసా అడుగునా బురదలాంటి మడ్డి. అయ్యో, మగమనిషి, పెట్టి వదిలేశాడు, తిరగెయ్యాలని ఎవరు చెప్పారు గనక అనుకున్నాను.

పోటీ పోటీయే, ఆయన ఓడిపోతే గది నాకొస్తుంది, అదంతా నాకు తెలుసు. కానీ కళ్లముందు ఊరుతున్నదాన్ని కలపకుండా వదిలెయ్యడం నావల్ల కాలేదు. ఒక్కో సీసా తీసి, తలకిందులు చేసి, మడ్డంతా కరిగేదాకా ఊపి, తుడిచి, మళ్లీ దాని చోటులో పెట్టాను. పెట్టెడు సీసాలకూ చేశాను. భుజాలు పీకేశాయి. నాకు పోటీగా ఉన్న మనిషి కోసం ఇంత కష్టపడుతున్నానే అని నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఆయన గదిలోకి వెళ్లిన మరుక్షణం కేక వినిపించింది.

"ఏమే! సీసాలెవరు ముట్టుకున్నారు?"

"నేనేనండీ. తిరగేశాను. మూడోరోజు కదా."

ఆయన నేల మీద కూలబడ్డాడు. "మూడోరోజేంటే? ఇదేమన్నా మాగాయా?"

"మొన్న ఆవకాయన్నారుగా."

"అడుగున ఉండాల్సిన మడ్డి మొత్తం పైకి లేపేశావు! గది కోసం ఇంత పని చేత్తావనుకోలేదే."

ఈ మాటకు మాత్రం నేను ఊరుకోలేదు. "గది కోసమైతే ఊపుతూ కూచుంటానా? పగలగొట్టేసి జారిపడ్డాయని చెప్తాను. ఆ మాత్రం తెలివి లేదనుకుంటున్నారా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, నిజమేనని ఒప్పుకున్నాడు. అయినా అనుమానం తీరక బెల్జియం ఆయనకు ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు. మర్నాడు జవాబు వచ్చింది. ముందు చాలాసేపు నవ్వు, తర్వాత మాటలు. ఒకసారి ఊపినంత మాత్రాన కొంప మునగదు, కదపకుండా వదిలేస్తే మళ్లీ అడుక్కు దిగుతుంది అన్నాడు. ఆవకాయ అంటే ఏమిటి, ఎక్కడ దొరుకుతుంది అని కూడా అడిగాడట.

అప్పటినుంచి ఆ గదికి మడి మొదలైంది. లోపలికి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి, దుమ్ము పోకుండా. లైటు వెయ్యకూడదు, వెలుతురు తగిలితే బీరు కంపుకొడుతుందట. తలుపు మెల్లగా వెయ్యాలి. పక్క పోర్షన్ తెలుగావిడ ఒకరోజు ఊరగాయ చూపించడానికి వచ్చింది. అప్పుడే మా ఆయన చెప్పులు విప్పి, తలవంచుకుని, చీకటిగదిలోకి వెళ్లి, ఒక నిమిషం నిశ్శబ్దంగా నిలబడి, వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆవిడ చేతిలో సీసా కింద పెట్టి, తలుపు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మీ ఆయనకెంత భక్తండీ! మా ఆయన ఉన్నాడు, దేవుడి ముఖం చూడడు" అంది.

నేను కాదనలేదు. మా దేవుళ్లు మాత్రం వంటింట్లో బియ్యండబ్బా పైన చిన్న అలమారాలో, ఏసీ లేకుండా చెమటలు కక్కుతున్నారు.

మరిదికి కూడా ఆశ పుట్టింది. వద్దురా అంటున్నా వినకుండా తన పచ్చసీసాల పసుపు బీర్లు నాలుగు తెచ్చి ఒక మూల పెట్టాడు. "నీయే ఊరతాయా? నాయీ ఊరతాయి. గది ఒక్కటే, ఏసీ ఒక్కటే, మరి తేడా ఏంటి?" అన్నాడు. సమాధానం చెప్పడానికి మా ఆయన చాలా తంటాలు పడ్డాడు. మరిది వినలేదు. అతను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆగస్టు వచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా పడకగది ఏసీ ఒకసారి గట్టిగా దగ్గి ప్రాణం వదిలేసింది. పార్టు రావాలంటే షాపు తెరవాలి, షాపు తెరవాలంటే శనివారం రావాలి. ఆ వారం మరిదికి ఓవర్‌టైం, రాలేదు. కాసేపు చూసి, ఉడుకు భరించలేక, చాప తీసుకుని ఇద్దరం సీసాల గదిలోకి వెళ్లాం. ఒకవైపు సీసాలు, ఒకవైపు మేము. ఆయన పక్కకు తిరగాలంటే నేను లేచి కూచోవాలి. సీసాల దయవల్ల బతికామని ఆయన అన్నాడు. నాకూ చల్లగానే ఉంది, కాదనను.

"నిజం చెప్పు. నీకు ఈ గది మీద ఇంత మనసెందుకు పడింది?" అని అడిగాడు.

పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఇదే దేశంలో విడివిడిగా ఉండేవాళ్లం. ఆయన మీనా సల్మాన్‌లో బ్యాచిలర్ రూములో, నేను పనిచేసే ఇంట్లో. శుక్రవారం కాసేపు సముద్రం ఒడ్డున కలుసుకునేవాళ్లం. ఆ కాసేపట్లో ఏం తిన్నావంటే ఏం తిన్నావని ఒకరినొకరం అడగడమే సరిపోయేది. నేను ఎక్కడ పడుకునేదాన్నో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

ఇలాంటి గదే. వంటింటి పక్కన, కిటికీ లేకుండా. నాతోపాటు వాషింగ్ మెషీన్ కూడా అందులోనే ఉండేది. లోపలివైపు గడియ లేదు. బట్టలు వేసేవాళ్లు వచ్చేవారు, తీసేవాళ్లు వచ్చేవారు, బంతి కోసం పిల్లలు వచ్చేవారు. మేడమ్ చెడ్డది కాదు. జ్వరమొస్తే పళ్లు తెచ్చిపెట్టింది, కానీ అలమారా తెరిచినట్టు తలుపు తెరిచే తెచ్చింది. ఎవరు ఎప్పుడొస్తారో తెలియక చున్నీకి పిన్ను పెట్టుకునే పడుకునేదాన్ని. ఎప్పుడూ తలుపు వైపు తిరిగే పడుకునేదాన్ని. నిద్రపోతున్నా డ్యూటీలో ఉన్నట్టే ఉండేది. చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఏడుపు రావడం చూసి కోపమూ వచ్చింది.

ఆయన తల తిప్పి తలుపు వైపు చూశాడు. "మరి అట్టాంటి గదిలోకే మళ్లీ ఎందుకే?" అన్నాడు.

"దీనికి లోపల గడియ ఉంది. నేను పెట్టుకుంటాను."

"అయితే, ఇదుగో, ఈ సీసాలు..." అని మొదలుపెట్టాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. తెలిసి, మధ్యలోనే ఆపేశాను.

"జాలిపడి ఇవ్వక్కర్లేదు. పందెం గెలిచే తీసుకుంటాను."

నా పౌరుషం అలాంటిది. దానివల్ల నేను బాగుపడ్డ సందర్భం ఒక్కటీ గుర్తులేదు.

చలికాలంలో, ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఒక సీసా తీశాడు. నాక్కూడా అరచేతిలో పోశాడు. చేదు పోయింది, అది నిజం. కానీ పోయినదాని చోటులోకి ఇంకా ఏమీ రాలేదు. పెళ్లివారు ఖాళీ చేసి వెళ్లిపోయిన విడిదిలా ఉంది రుచి. అటు పచ్చీ కాదు, ఇటు పండూ కాదు. ఆయన ముఖం చిన్నబోయింది. నేను చాలా బాధపడుతున్నట్టు ముఖం పెట్టాను గానీ, సాయంత్రమే బజారుకు వెళ్లి ఆ గదికి కర్టెన్ గుడ్డ కొన్నాను. గదికి కిటికీ లేదన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

అదే రోజు మరిది తన పచ్చసీసా ఒకటి తీశాడు. ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, మింగలేక కక్కలేక నావైపు చూశాడు.

"కార్టన్ నమిలినట్టుంది వదినా."

రుచి చూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. వానలో తడిసిన అట్టపెట్టె వాసన. మా ఆయన తమ్ముడి భుజం తట్టి, మిగిలినవి సింకులో పొయ్యమన్నాడు. పాతబడినదల్లా పండదని ఆ రోజు నాకు బోధపడింది. నల్లబీరు కూడా ఇదే దారి పడుతుందని లోపల లోపల గట్టిగా ఆశపడ్డాను.

రంజాన్ నెల అయిపోయి మందుషాపులు మళ్లీ తెరిచారు. మామిడికాయ దిగింది. ఒక శుక్రవారం, భోజనాలకు ముందు, మా ఆయన కొత్త సీసా ఒకటి కొనుక్కొచ్చాడు. న్యాయంగా ఉండాలని మరిదే వంటింట్లోకి వెళ్లి, మేము చూడకుండా రెండు స్టీలుగ్లాసుల్లో పోసి తెచ్చి నా ముందు పెట్టాడు. ఏది ఏదో అతనికి ఒక్కడికే తెలుసు. అన్నదమ్ములిద్దరూ నాకెదురుగా బాసింపట్టు వేసుకుని కూచున్నారు. నేను చెయ్యి కడుక్కుని, తీర్థం పుచ్చుకునేటట్టు అరచెయ్యి చాపాను.

మొదటిది పోశాడు. నురగ బుసబుసమంది. నాలిక్కి తగలగానే చేదు, దాని వెనకే మాడిన కాఫీగింజల ఘాటు. బాగానే ఉంది. కానీ వచ్చీరాగానే నోరుచేసుకునే కోడలి వరస. చెయ్యి తుడుచుకున్నాను.

రెండోది పోశాడు. నురగ తక్కువ. ముందు వాసన వచ్చింది, పాతచింతపండు, తాటిబెల్లం. నాలిక మీద వేసుకున్నాను. ఎండుఖర్జూరం. తర్వాత బెల్లంపాకం అడుగంటడానికి ఒక్క క్షణం ముందు వచ్చే ఆ రుచి. చేదు ఎక్కడికీ పోలేదు, ఎక్కడో వెనక పెద్దమనిషిలా కూచుని ఉంది. మింగేశాక కూడా రుచి పోలేదు. నాకు తెలియకుండానే అరచెయ్యి నాకాను. ఇంకొంచెం పొయ్యమని మళ్లీ చాపాను. అది కూడా తాగేశాక అప్పుడు గుర్తొచ్చింది నేనేం చేస్తున్నానో.

ఇద్దరూ నా ముఖంకేసి చూస్తున్నారు. మొదటిది అంటే చాలు. ఎవరూ పట్టుకోలేరు. మా ఆయన నన్ను నమ్ముతాడు, మరిదికి నా మాటే వేదం. కర్టెన్ గుడ్డ గుర్తొచ్చింది. గడియ గుర్తొచ్చింది. 'మొదటిది' అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ రుచి ఇంకా నాలిక మీదే ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని దాన్నే కాదనడం నా చేతకాలేదు.

"రెండోది" అన్నాను.

"అదే పాతది!" అని అరిచాడు మరిది. మా ఆయన ఎగిరి గంతేసి, తమ్ముణ్ణి కౌగిలించుకుని, "చెప్పానా! నే చెప్పానా!" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి చెయ్యి కడిగాను. కడిగిన చెయ్యే మళ్లీ కడిగాను. ఒళ్లంతా కోపం. ఎవరి మీదో వెతికితే బీరు మీద కాదు, మొగుడి మీద కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను ఎవర్ని ఏమడిగాను? ఆ ఇంట్లో మేడమ్‌ని, గడియ పెట్టించండి అని ఒక్క ముక్క అడగలేదు. ఇచ్చేదో లేదో తెలియదు, అడగలేదు. ఇక్కడ సొంత మొగుణ్ణీ అడగలేదు. నాకేం కావాలో నేను చెప్పకుండా, ఒక బీరుసీసాను చెప్పమన్నాను. అది తన రుచి ఏమిటో చెప్పింది. దానికి నా గదితో ఏం సంబంధం? బీరు బాగున్నంత మాత్రాన నాకు గది అక్కర్లేకుండా పోయిందా?

చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చాను.

"బీరు చాలా బాగుందండీ. మీ కష్టం ఊరికే పోలేదు. పందెం మీరే గెలిచారు" అన్నాను. "గది మాత్రం నాకు కావాలి."

"అదేంటి వదినా, పందెం..." అన్నాడు మరిది.

"పందెం లేదు అబ్బాయ్. అడుగుతున్నాను. మీ అన్నయ్యని అడుగుతున్నాను. ఏవండీ, నాకు ఆ గది కావాలి."

అంతమాత్రం అడిగినందుకే సిగ్గేసింది. మా ఆయన గ్లాసుకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"అప్పుడే ఇద్దామనుకున్నానే. నోరెత్తనివ్వలేదు నువ్వు."

"అప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు అడిగాను."

ఆయన తల గోక్కున్నాడు. "మరియ్యి ఎక్కడెట్టను?" అన్నాడు.

అదే ఆయన జవాబు. అంతకంటే నాకూ అక్కర్లేకపోయింది. సాయంత్రందాకా అన్నదమ్ములిద్దరూ సీసాలు మోశారు. ఒక్కోదాన్ని రెండు చేతులతో, నిటారుగా, మడ్డి కదలకుండా, బాలింతను నడిపించినట్టు నడిపించుకుంటూ పడకగదిలోకి తెచ్చి మంచం కింద నిలబెట్టారు. అక్కడున్న గ్యాస్ సిలిండర్లు వర్క్‌షాపుకు పోయాయి. కిందటి ఆగస్టు నుంచి అతుకుల మీద నడుస్తున్న మా ఏసీ మర్నాటికల్లా కొత్తదానిలా అయిపోయింది. పెళ్లాం ఏడాదిగా మొత్తుకుంటే జరగని రిపేరు బీరు వచ్చిన మర్నాడే జరిగింది. ఇప్పుడు బయట నిప్పులు చెరుగుతుంటే మేము రగ్గులు కప్పుకుని పడుకుంటున్నాం. సీసాలకు ఎంత చల్లదనం కావాలో మాకూ అంతే.

తర్వాతి శుక్రవారం అన్నాలయ్యాక నేను చాప తీసుకుని ఆ గదిలోకి వెళ్లాను. తలుపు వేశాను. గడియ పెట్టాను. చున్నీ తీసి పక్కన పడేశాను. గోడవైపు తిరిగి పడుకున్నాను. అనుకున్నట్టే ఏమీ చెయ్యలేదు. హాల్లోంచి "వదినేది?" అని మరిది గొంతు, "ఉండెహె" అని మా ఆయన గొంతు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు.

కాసేపటికి తలుపు మీద చప్పుడైంది. పని బూట్లతో ఇల్లంతా తిరిగే మనిషి, తన ఇంట్లో తలుపును మెల్లగా, వేలి కణుపుతో తట్టాడు.

"ఎవరూ?" అన్నాను.

"నేనేనే," అన్నాడు. "రావచ్చా?"

"ఇప్పుడు కాదండీ" అన్నాను.

సరేనని ఆయన వెళ్లిపోయాడు.